నాలుగు గీతల డచ్ బొమ్మ ముందు అరగంట

నేను నెదర్లాండ్స్‌లోని హార్లెం ఊరికి వచ్చిన రెండో ఏడాది, ఒక ఆదివారం వాన ఎంతకీ తగ్గకపోతే టేలర్స్ మ్యూజియంలో దూరాను. 1784లో తలుపులు తెరిచిన మ్యూజియం అది. శిలాజాలున్నాయి, పాతకాలపు కరెంటు యంత్రాలున్నాయి, కాగితం మీద గీసిన బొమ్మలున్నాయి. శిలాజాల దగ్గర గంటసేపు నిలబడ్డాను. బొమ్మల గదిని నాలుగు నిమిషాల్లో చుట్టేశాను. గోధుమరంగు కాగితం మీద గోధుమరంగు గీతలు: ఓ గుడిసె, రెండు చెట్లు, ఓ పడవ. ఇంతోటి దానికి ఫ్రేమూ, అద్దమూ, కాపలా మనిషీనా అనుకున్నాను.

ఇప్పుడు అలాంటి బొమ్మ ఒక్కటి చాలు, అరగంట ఇట్టే గడిచిపోతుంది. ఈ మధ్యలో నేను చదివిన పెద్ద చదువేమీ లేదు. లారీలకి షెడ్యూళ్ళు వేయడం నా ఉద్యోగం, ఇప్పటికీ అదే. కాకపోతే ఆ బొమ్మల్ని ఎటునుంచి పట్టుకోవాలో నిదానంగా తెలిసొచ్చింది. మొన్న ఫిబ్రవరిలో మా చెల్లెలు వచ్చింది. దాన్నీ తీసుకెళ్తే, "ఇందులో చూడ్డానికి ఏముందక్కా?" అంది. సరిగ్గా నేను ఒకప్పుడు అనుకున్న మాటే. దానికి చెప్పడం కోసం నా పద్ధతిని ఒక వరసలో పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఇందులో ఏముంది అని వెతికితే డచ్ స్కెచ్‌లో పెద్దగా ఏమీ దొరకదు. దీన్ని ఏ వరసలో గీశాడు అని వెతకాలి. ఏ గీత ముందు పడింది, ఏది తర్వాత పడింది, చెయ్యి ఎక్కడ పరిగెత్తింది, ఎక్కడ తటపటాయించింది. ఆ వరస దొరికితే ఆ రోజు గాలి, చలి, వెలుతురు అన్నీ దాని వెంబడే వస్తాయి. నా మటుకు మూడ్ అంటే అదే.

కూర్చునే ముందు

కాగితం మీద బొమ్మలకి వెలుతురు పడదు, అందుకని మ్యూజియాలు సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత; అంటే బాగా మసక) దగ్గర దీపాలు ఆపేస్తాయి. కొన్ని నెలలు చూపించి మళ్ళీ పెట్టెలో పెట్టేస్తాయి. బయటి వెలుతురులోంచి వెళ్ళగానే ఆ గది చీకటిగా, బొమ్మలు మాసిపోయినట్టుగా కనిపిస్తాయి. మొదటిసారి నేను చేసిన తప్పు ఇదే. కళ్ళు సర్దుకోకముందే బయటికొచ్చేశాను. అయిదు నిమిషాలు ఊరికే తిరగండి, ఏదీ గట్టిగా చూడకండి. తర్వాత ఒక్కదాన్ని ఎంచుకోండి. గదిలో ఉన్నవన్నీ చూడాలన్న ఆశ వదిలేయండి.

ఇంట్లో కంప్యూటర్ మీద చూసేవాళ్ళకి ఇంకో చిక్కుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం తన బొమ్మల్ని చాలా పెద్ద ఫైళ్ళుగా ఉచితంగా పెట్టింది. జూమ్ చేస్తే గీతలోని సిరా మరక కూడా కనిపిస్తుంది. సంతోషమే. కానీ అసలు బొమ్మ ఎంతుందో మర్చిపోతాం. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన ఒక మంచు బొమ్మ అమెరికాలో హార్వర్డ్ మ్యూజియంలో ఉంది. అడ్డం 16 సెంటీమీటర్లు, నిలువు ఏడుకి కాస్త తక్కువ. అంటే అడ్డంగా పెట్టిన ఫోనంత. దాన్ని 27 అంగుళాల మానిటర్ నిండా చూస్తే మణికట్టు కదలికతో పడిన గీత భుజం ఊపి గీసినట్టు కనిపిస్తుంది. అందుకని బొమ్మ కింద రాసిన కొలతలు చూసి, అంత కాగితం ముక్క కత్తిరించి బల్ల మీద పెట్టుకోండి. సగం విషయం అక్కడే అర్థమవుతుంది: ఈ మనిషి దీన్ని మోకాలి మీద పెట్టుకుని గీశాడు.

నింగీ నేలా కలిసే గీత

మొదట వేలు అడ్డం పెట్టి ఆ గీత ఎక్కడుందో చూడండి. డచ్ బొమ్మల్లో ఎక్కువగా కింది నుంచి మూడో వంతు దగ్గరో, పావు వంతు దగ్గరో ఉంటుంది. మిగతాదంతా ఆకాశమే. ఇక్కడ ఉండేవాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు. ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తుంటే నాకు రోజూ కనిపించేది అదే. సముద్రాన్నీ చెరువుల్నీ తోడి పొలాలు చేసుకున్న నేల. కొండ లేదు, గుట్ట లేదు. ఉన్న ఎత్తల్లా కాలవ గట్టు, చర్చి గోపురం, గాలిమర, సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బలు.

కానీ అంతకు ముందు తరం అలా గీయలేదు. పక్షి ఎగురుతూ చూసినట్టు పైనుంచి చూపు, వెనకాల ఎప్పుడూ చూడని కొండలు, ముందు ఎవరో ఒక సన్యాసి. 1603లో గోల్ట్‌జియస్ అనే హార్లెం చిత్రకారుడు ఊరి బయట దిబ్బలెక్కి, ఎదురుగా ఉన్న పొలాల్నీ చెట్లనీ ఉన్నవున్నట్టు పెన్నుతో గీశాడు. కథ లేదు, సన్యాసి లేడు. ఆ బొమ్మ ఇప్పుడు రాటర్‌డామ్‌లోని బాయ్‌మన్స్ మ్యూజియంలో ఉంది. తర్వాత వచ్చిన డచ్ స్కెచ్‌ల వరస మొత్తానికి మొదటి మెట్టుగా దాన్ని చెబుతారు. నాకైతే ఆ బొమ్మలో అందం కంటే తెగింపు ఎక్కువ కనిపిస్తుంది. ఇది కూడా గీయదగ్గదే అని ఎవరో ఒకరు ముందు అనుకోవాలి కదా.

సరే, గీత దొరికింది. ఇప్పుడు ఆ గీత పక్కన మనుషుల తలలు ఎక్కడున్నాయో చూడండి. ఇది చిన్న కిటుకు, కానీ నాకు బాగా పనికొచ్చింది. చదునైన నేల మీద ఆ గీత ఎప్పుడూ గీసేవాడి కంటి ఎత్తులోనే ఉంటుంది. దగ్గరి మనుషుల తలలూ, దూరపు మనుషుల తలలూ గీతనే తాకుతుంటే వాడు నిలబడి గీశాడు. తలలు గీత దాటి ఆకాశంలోకి వెళ్తే కింద కూర్చున్నాడు, లేదా పడవలో ఉన్నాడు. తలలన్నీ గీతకి కిందే ఉండిపోతే గట్టు మీదో దిబ్బ మీదో ఉన్నాడు. మా చెల్లెల్ని కాలవ గట్టు మీద ఒకసారి నిలబెట్టి, ఒకసారి కూర్చోబెట్టి, దూరంగా పోతున్న సైకిళ్ళ వాళ్ళని చూడమన్నాను. తడి గడ్డి మీద కూర్చోబెట్టానని తిట్టింది గానీ, ఆ తర్వాత ఏ బొమ్మ ముందుకెళ్ళినా ముందు అదే వెతికేది. "అక్కా, ఈయన కూర్చున్నాడు." ఒక ఒంటరి మనిషి తల ఆకాశంలో తేలుతుంటే ఆ మనిషి పెద్దగా, కాస్త దిగులుగా కనిపిస్తాడు. గీతకి కింద ఉంటే నేలలో కలిసిపోతాడు. ఈ తేడా అంతా గీసినవాడు కూర్చున్నాడా, నిలబడ్డాడా అన్న దాంట్లోంచి పుట్టిందే.

వాన్ ఖోయెన్ నల్లసుద్ద

మా వంటింటి గోడకి ఒక బొమ్మ ప్రింట్ అతికించి ఉంది. యాన్ వాన్ ఖోయెన్ వేసింది, మూలన వి, జి అన్న రెండక్షరాలు, పక్కన 1653. టీ మరిగేలోగా రోజూ చూస్తాను కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్పగలను.

వాన్ ఖోయెన్ 1596లో లైడెన్‌లో పుట్టాడు. ఇరవై ఏళ్ళు దాటాక హార్లెం వచ్చి ఎసైయాస్ వాన్ డి వెల్డె అనే చిత్రకారుడి దగ్గర పనిచేశాడు. చిన్న స్కెచ్‌బుక్ పట్టుకుని ఊళ్ళు తిరిగేవాడు. దారిలో గబగబా గీసుకున్నవి వేరు, ఇంటికొచ్చాక ఆ గుర్తులతో వేసిన బొమ్మలు వేరు. సంతకం, సంవత్సరం ఉండి, సుమారు 17 సెంటీమీటర్లకి 27 ఉన్నవి రెండో రకం. అమ్మకానికే వేసినవి. ముఖ్యంగా 1653 సంవత్సరం వేసినవి కుప్పలున్నాయి. కాబట్టి వీటిని చూసి, ఆ క్షణంలో ఆ చోట మనసు పొంగి గీశాడు అని మురిసిపోతే కాస్త అమాయకత్వమే. చర్చి గోపురాన్ని ఒక ఊరి నుంచి తీసి ఇంకో ఊరి ఒడ్డున పెట్టడానికి ఆయన వెనకాడేవాడు కాదు. అయినా ఆ చినుకు గాలి నిజమే.

ఎలా వచ్చిందో చూద్దాం. నది ఒడ్డు, వంగిపోయిన కర్ర రేవు, ఒక పడవ, అందులోకి ఎక్కుతున్న నలుగురైదుగురు, దూరాన గోపురం. మొదట దూరం చూడండి. గోపురం రెండే రెండు సుద్ద గీతలు, కాగితానికి తగిలీ తగలనట్టు. అవతలి ఒడ్డు ఒక్క గీత, అదీ మధ్యలో రెండుసార్లు తెగింది. మధ్యలో చెట్లకి వస్తే ఆకులేమీ లేవు. గబగబా 'ల' రాసుకుంటూ పోతే ఎలా ఉంటుందో అలా సుడులు తిరిగిన గీత, చెయ్యెత్తకుండా. ముందుకొచ్చేసరికి రేవు కర్రలు, పడవ అంచు గట్టిగా, నల్లగా, మొన అరిగిపోయేలా నొక్కి గీసినవి. అంటే దూరం, మధ్య, దగ్గర అనే మూడు పొరలూ చెయ్యి బరువు మార్చడంతోనే వచ్చాయి. అదే సుద్ద, రంగు మార్చలేదు.

ఆ తర్వాత బూడిదరంగు నీళ్ళ కుంచె. దీన్నే వాష్ అంటారు. నిండా ముంచిన కుంచెతో పడవ నీడ మీద ఒక్క దెబ్బ. ఆ నీళ్ళు ఆరేటప్పుడు అంచున కొంచెం ముదురు గీత మిగులుతుంది, టీ గ్లాసు పెట్టి తీస్తే బల్ల మీద మిగిలే వలయంలా. ఆ అంచు దొరికితే కుంచె ఎక్కడ దిగి ఎక్కడ లేచిందో తెలిసిపోతుంది. నీళ్ళ మీద, మేఘాల కింద పలుచగా ఇంకో రెండు మూడు. చివర్లో మళ్ళీ సుద్ద తీసుకుని, పడవలో ముందు కూర్చున్న మనిషి టోపీ, రేవు చివరి కర్ర నల్లగా దిద్దాడు. తడి ఇంకా పూర్తిగా ఆరకముందు సుద్ద పెడితే గీత మరీ నల్లగా, మెత్తగా పడుతుంది. ఆ టోపీ అలాంటిదే అని నా అనుమానం.

ఇప్పుడు భూతద్దం. ఆ కాలంలో కాగితం పాత నారబట్టల గుజ్జుతో చేసేవాళ్ళు. తీగల జల్లెడ మీద గుజ్జు వడకట్టడం వల్ల కాగితం నిండా సన్నని చారలు పడేవి. సుద్ద ఆ చారల మిట్టల మీదే అంటుతుంది, పల్లాలు తెల్లగా మిగిలిపోతాయి. వాష్ మాత్రం పల్లాల్లోకి పోయి నిలబడుతుంది. అందుకే వాన్ ఖోయెన్ దూరపు ఒడ్డు మంచుపొరలోంచి చూసినట్టు మినుకుమినుకుమంటుంది. సుద్ద రేణువుల మధ్య కాగితం కనిపిస్తోంది. మనం తేమ అనుకుంటున్నది అదే. ప్రింట్‌లో ఇది సగమే తెలుస్తుంది. మొదటిసారి అసలు బొమ్మలో చూసినప్పుడు నాకు ఉదయం ఏడు గంటలకి ప్లాట్‌ఫాం మీద నిలబడితే ముఖానికి తగిలే ఆ తడి గాలి గుర్తొచ్చింది. వాన కాదు, మంచూ కాదు, గొడుగు తీయాలా వద్దా అని తేలని గాలి.

ఆ పడవ బొమ్మని ఏళ్ళ తరబడి చూస్తున్నా నాకు కనపడనిది మా చెల్లెలు రెండో రోజే పట్టుకుంది. "అందరూ వీపులు తిప్పుకునే ఉన్నారేంటక్కా?" నిజమే. ముఖం కనిపించే మనిషి ఒక్కడూ లేడు. ముఖం ఉంటే మన చూపు అక్కడ ఆగిపోయేది. వీపులుంటే వాళ్ళు చూసే వైపే మనమూ చూస్తాం, నది మీదుగా గోపురం దాకా. "నీకెలా తట్టిందే?" అంటే, "పెళ్ళి ఫోటోల్లో మనవాళ్ళు ఇలాగే దొరుకుతారుగా" అంది.

వాన్ ఖోయెన్ వేగం గురించి ఒక పాత కథ ఉంది. రెంబ్రాంట్ శిష్యుడు వాన్ హూగ్‌స్ట్రాటెన్ 1678లో అచ్చు వేసిన పుస్తకంలో రాశాడు. ముగ్గురు చిత్రకారులు ఒక్క రోజులో ఎవరు మంచి చిత్రం వేస్తారో చూద్దామని పందెం కట్టారట. క్నిబ్బెర్గెన్ అనే ఆయన అలవాటైన చేతిరాతలా చెట్లూ కొండలూ దించేశాడు. వాన్ ఖోయెన్ చెక్క నిండా ముదురూ లేతా రంగులు పులిమేసి, ఆ మరకల్లోంచే పడవల్నీ ఇళ్ళనీ వెతికి బయటికి లాగాడు. పోర్సెలిస్ చాలాసేపు ఊరికే కూర్చుని, మనసులో అంతా కట్టుకున్నాక కుంచె ముట్టాడు. గెలిచింది పోర్సెలిసే. కథ రంగుల చిత్రాల గురించి, స్కెచ్‌ల గురించి కాదు. నిజంగా జరిగిందో లేదో కూడా నాకు ముఖ్యం కాదు. ఏ స్కెచ్ ముందు నిలబడినా ఈ ముగ్గురిలో ఎవరి పద్ధతిలో వేశాడు అని అడుగుతాను. అలవాటుతోనా, వెతుక్కుంటూనా, ముందే అనుకునా? నా ఓటు మాత్రం ఓడిపోయిన వాన్ ఖోయెన్‌కే.

ఏమీ గీయని చోటు

ఇప్పుడు ఆ ఫోనంత మంచు బొమ్మ దగ్గరికి. రెంబ్రాంట్ 1650కి కాస్త అటూ ఇటూగా వేసింది. కొన్ని పొలం ఇళ్ళు, చెట్లు, ముందు కంచె. రాయడానికి ఇంతకన్నా ఏమీ లేదు, గీసింది కూడా దాదాపు అంతే. మంచు ఎక్కడుంది అంటే, ఎక్కడా గీయలేదు. ఖాళీ కాగితమే మంచు.

దీన్ని చూసే పద్ధతి: తెర మీద గానీ ప్రింట్ మీద గానీ ఖాళీగా ఉన్న భాగాన్ని ఒక ముదురు కాగితం ముక్కతో మూయండి. ఇళ్ళూ కంచే మిగులుతాయి, చలి పోతుంది. కాగితం తీయండి, చలి తిరిగొస్తుంది. తర్వాత కంచెని మూసి చూడండి. అప్పుడు ఖాళీ కాగితం మళ్ళీ వట్టి కాగితమైపోతుంది. కంచె గీతలున్నాయి కాబట్టే వాటి కింద ఉన్నది నేల అయింది, దాని మీద మంచు పడింది. ఎన్ని గీతలు తీసేసినా మంచు నిలబడుతుంది, ఏ గీత తీస్తే కూలిపోతుంది అని చూస్తూ పోతే పది నిమిషాలు తెలియకుండా పోతాయి.

గీత ఏ కలంతో పడిందో గుర్తుపట్టడం ఇక్కడ నేర్చుకోవచ్చు. పెద్దబాతు ఈకతో చేసిన కలం సాగుతుంది. నొక్కితే లావు, వదిలితే సన్నం, మలుపు దగ్గర జారినట్టు తిరుగుతుంది. రెల్లు కలం మొండిది. గీత లావుగా మొదలై, సిరా తొందరగా అయిపోయి, చివర చీలికలు చీలికలుగా ఎండిపోతుంది. ఆ ఎండిన కొస కనిపిస్తే చెయ్యి ఎటు నుంచి ఎటు వెళ్ళిందో అనుమానమే లేదు. సిరా నిండుగా ఉన్న వైపు మొదలు, చీలిన వైపు చివర. పొడిబారిన గీత ఎండుగడ్డికీ, పాత చెక్కకీ అతికినట్టు సరిపోతుంది. రెంబ్రాంట్ రెండు కలాలూ వాడాడు, కొన్నిసార్లు వేలితో సిరా పులిమాడు కూడా.

వేగం సంగతి వచ్చింది కాబట్టి ఆవముద్ద కథ. 1645లో ఆయన వేసిన చిన్న వంతెన బొమ్మ ఒకటుంది, యాన్ సిక్స్ అనే మిత్రుడి పేరుతో పిలుస్తారు. భోజనానికి కూర్చుంటే ఆవముద్ద లేదట, నౌకరు ఊళ్ళోకి పరిగెత్తాడట, వాడు తిరిగొచ్చేలోగా రాగిరేకు మీద బొమ్మ అయిపోయిందట. వందేళ్ళ తర్వాత ఒక ఫ్రెంచి వ్యాపారి రాసిన కథ, కాబట్టి ఎంత నమ్మాలో అంత నమ్ముదాం. కానీ బొమ్మ చూస్తే ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. వంతెన కమ్మీలు, రెండు చెట్లు, మిగతాదంతా తెలుపు. ఇలా రాగిరేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసే బొమ్మల్ని ఎచింగ్‌లంటారు. వాటితో ఒక జాగ్రత్త: అచ్చు తీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆయన వేసిన ఆమ్‌స్టర్‌డామ్ ఊరి దృశ్యం అద్దంలో చూసినట్టే ఉంటుంది. గీతల వాలు చూసి చేతివాటం చెప్పేద్దామనుకుంటే బోల్తా పడతారు. నేను పడ్డాను.

కాలం వేసిన రంగు

అంతకంటే పెద్ద బోల్తా ఇంకోటుంది. డచ్ చిత్రకారుడు వాన్ గో 1884 మార్చిలో న్యూనెన్ అనే ఊళ్ళో ఉండగా, ఆకులు రాలిన చెట్లనీ, వాళ్ళ నాన్న ఉండే చర్చి ఇంటి వెనక తోటనీ పెన్నుతో పెద్ద పెద్ద కాగితాల మీద గీశాడు. వాటిలో ఒకదాన్ని చూసొచ్చి ఒక స్నేహితురాలికి రెండు పేజీల ఉత్తరం రాశాను. ఆ చెట్ల మీద సాయంకాలపు వెచ్చదనం ఉందనీ, శీతాకాలం చివర్లో వచ్చే తేనెరంగు వెలుగుని గోధుమ సిరాతో పట్టేశాడనీ. బాగా రాశాననే అనుకున్నాను.

తర్వాత ఒక మ్యూజియం ప్రింట్ రూమ్‌లో (కాగితం మీది బొమ్మలు దాచే గది) పనిచేసే ఆవిడతో మాటల్లో ఈ సంగతి వస్తే నెమ్మదిగా చెప్పింది, ఆ సిరా మొదట నల్లగా ఉండేదని. మాచికాయ రసంలో అన్నభేది కలిపి చేసే సిరా అది. రాసినప్పుడు నలుపు, ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది. కాగితాన్ని తింటుంది కూడా. కాగితం కూడా మొదట అంత పసుపు కాదు. అంటే నా సాయంకాలం వాన్ గో వేసింది కాదు, నూట ముప్ఫై ఏళ్ళు కలిసి వేసింది. తెల్ల కాగితం మీద నల్ల గీతల్ని ఊహించుకుంటే అదే తోట ఎముకలు కొరికే చలిలో ఉంది.

అప్పటి నుంచి రంగుని నమ్మడం మానేశాను. ముదురుకీ లేతకీ మధ్య దూరాన్ని నమ్ముతాను, అది కూడా కొంచెం తగ్గించుకునే. వీలైతే కాగితం అంచులు చూడండి. చట్రం కింద దాగి ఉన్న అంచు మిగతా కాగితం కన్నా తెల్లగా ఉంటే అసలు రంగుకి అదే దగ్గర. గీత చుట్టూ గోధుమరంగు మసక వ్యాపించి ఉన్నా, గీత ఉన్నచోట కాగితం పగిలినా అది అన్నభేది సిరా పని. గోధుమ సిరాలన్నీ అలా మారినవే అనుకోకండి. పొయ్యి మసి నానబెట్టి చేసే బిస్టర్ మొదటి నుంచీ గోధుమరంగే, వాష్‌కి బాగా వాడేవాళ్ళు. ఆల్బర్ట్ కౌప్ లాంటివాళ్ళు నల్లసుద్ద మీద పసుపు వాష్ వేసి, ముందున్న గడ్డీ మొక్కల మీద తుమ్మజిగురు పూసేవాళ్ళు. పక్కకి తిరిగి చూస్తే ఆ చోటు మాత్రం తళుక్కుమంటుంది. ఆ వెచ్చదనం మాత్రం వేసినవాడిదే.

గాలి ఎటు వీస్తోంది

ఇదంతా అయ్యాక గానీ మూడ్ అనే మాట ఎత్తను. ఎత్తినా మూడు చిన్న ప్రశ్నలుగానే. గాలి ఎటు నుంచి? పొగ, తెరచాప, జెండా, నీళ్ళ మీద అడ్డగీతలు చూడండి. ఈ దేశంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది, తీరం దగ్గర చెట్లు ఈశాన్యానికి ఒరిగి పెరుగుతాయి. చెట్టు వంగడం ఒక్క రోజు గాలి కాదు, అది చెట్టు జీవితం. పొగ వంగితే ఆ పూట గాలి. వెలుతురు ఏ వేళది? నీడ పొడుగు చూడండి. నీడే లేకపోతే మబ్బు, ఇక్కడ మామూలు రోజు. వాన పడిందా, పడబోతోందా? రెంబ్రాంట్ 1643లో వేసిన మూడు చెట్ల ఎచింగ్‌లో ఎడమ పక్క పైన స్కేలు పెట్టి గీసినట్టు ఏటవాలు గీతలు దిగుతుంటాయి, కుడి పక్క చెట్ల వెనక ఆకాశం తేటగా ఉంటుంది. కొండ అంచున ఒకడు కూర్చుని బొమ్మ గీసుకుంటుంటాడు, పొదల్లో ఒక జంట దాదాపు కనపడకుండా దాక్కుని ఉంటుంది. వాళ్ళని వెతకడానికి నాకు మూడు సార్లు పట్టింది.

చిత్రకారుడి బతుకు తెచ్చి బొమ్మ మీద పెట్టడం మాత్రం నాకు నచ్చదు. రెంబ్రాంట్ భార్య సాస్కియా 1642లో పోయింది, కాబట్టి 1643 వాన దుఃఖం, అని రాసేవాళ్ళున్నారు. వాన్ ఖోయెన్ 1637 ట్యూలిప్ దుంపల బేరంలో చేతులు కాల్చుకున్నాడు, అప్పులతోనే 1656లో పోయాడు, కాబట్టి ఆ బూడిదరంగంతా దిగులు, అంటారు. ఈ దేశంలో నవంబర్ నుంచి మార్చి దాకా ఆకాశం బూడిదరంగులోనే ఉంటుంది, అప్పులు లేనివాళ్ళకి కూడా. నన్నడిగితే వాన్ ఖోయెన్ పడవలో జనం హాయిగానే ఉన్నారు.

ఇంటికొచ్చాక

నకలు వేయండి. బొమ్మ వేయడం రానక్కర్లేదు, నాకూ రాదు. అసలు బొమ్మ కొలతకి కాగితం కోసుకుని, మెత్తటి పెన్సిల్‌తో పది నిమిషాలు. షరతు ఒక్కటే: మీరు కనిపెట్టిన వరసలో గీయాలి. దూరం ముందు, తేలిగ్గా. దగ్గరివి చివర, నొక్కి. రబ్బరు వాడకూడదు. మీ చెయ్యి ఎక్కడ ఇరుక్కుంటుందో అక్కడ ఆయన ఏదో చేశాడు, తిరిగెళ్ళి చూడండి. నాకు ఎప్పుడూ నీళ్ళ దగ్గరే ఇరుక్కుంటుంది. పది గీతలు గీసేస్తాను, ఆయన మూడింటితో సరిపెట్టుంటాడు.

కొన్ని మ్యూజియాల ప్రింట్ రూముల్లో ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటే అసలు బొమ్మనే బల్ల మీద పెట్టి చూపిస్తారు. పెన్నులు బయటే, పెన్సిల్ మాత్రమే లోపలికి. చేతులు కడుక్కుని వెళ్ళాలి. అద్దం లేకుండా, కిటికీ వెలుతురులో చూడడం వేరే లోకం. ఒక్కసారైనా అడగండి, మొహమాటపడకండి. చదువుకున్నవాళ్ళకే అనుకుని నేను రెండేళ్ళు అడగలేదు.

చోటు చూడాలనిపిస్తే ఆమ్‌స్టర్‌డామ్ దక్షిణాన ఆమ్‌స్టెల్ నది గట్టు మీద ఔడెర్‌కెర్క్ వైపు సైకిల్ మీద వెళ్ళొచ్చు, రెంబ్రాంట్ నడిచిన దారే. గట్టు మీద బొమ్మ గీస్తున్న ఆయన విగ్రహం, పక్కన రీకర్ గాలిమర ఉంటాయి. ఆ గాలిమర ఆయన కాలంలో అక్కడ లేదు. 1636లో వేరే చోట కట్టి, 1961లో ఇక్కడికి మార్చారు. వాన్ ఖోయెన్ వింటే నవ్వేవాడు.

మా చెల్లెలు వెళ్ళేముందు రోజు వంటింట్లో కూర్చుని గోడ మీది పడవ బొమ్మకి నకలు వేసింది. ఎడమ మూలన నీళ్ళలోంచి పైకి లేచిన ఒక వంకర గీత దగ్గర ఆగిపోయింది. తెడ్డు అంటుంది అది, వల కట్టిన కర్ర అంటాను నేను. ఇప్పటికీ వాట్సాప్‌లో ఆ గొడవ నడుస్తూనే ఉంది. ఒక్క దాంట్లో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట: అది గీస్తుంటే సుద్ద మొన విరిగింది. సగం దాకా నున్నగా వచ్చిన గీత అక్కడ తెగి, వెంట్రుకంత పక్కకి జరిగి, రెండు అంచులతో మళ్ళీ మొదలైంది.